ఫ్రిస్కోలో ఏ బర్గర్‌కి వెళ్దాం? నాలుగు కుటుంబాల దుకాణాల మధ్య ఎంపిక

శనివారం సాయంత్రం, కారులో ఆరుగురు. ఇద్దరు బీఫ్ తింటారు. ఒకరు చికెన్ వరకే. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలకి ఐస్‌క్రీం ఉంటే చాలు. డాలస్ ఉత్తర శివార్లలో, అంటే ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ వైపు ఉన్న తెలుగు ఇళ్లలో ఇది దాదాపు వారం వారం వచ్చే చిక్కే. పాతిక నిమిషాల దూరంలో నాలుగు దుకాణాలు ఉంటాయి: ఇన్-ఎన్-ఔట్, వాటాబర్గర్, బ్రామ్స్, కల్వర్స్. నాలుగూ దేశమంతా పరుచుకున్న మెక్‌డొనాల్డ్స్ లాంటివి కావు. ఒక్కోటీ ఒక్కో ప్రాంతంలో ఒక్కో కుటుంబం మొదలుపెట్టినది. అందుకే వీటిని ప్రేమించేవాళ్ల ప్రేమ కూడా వేరుగా ఉంటుంది. కాలిఫోర్నియా నుంచి బదిలీ అయి వచ్చినాయన ఇన్-ఎన్-ఔట్ గురించి, హ్యూస్టన్‌లో చదువుకున్నమ్మాయి వాటాబర్గర్ గురించి ఎలా మాట్లాడుకుంటారో, తలా ఒక వంట తెచ్చుకునే ఏ పాట్‌లక్‌ విందులోనైనా వినొచ్చు.

ఏది గొప్పది అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మీ కారులో ఎవరున్నారో చెబితే ఎక్కడికి వెళ్లాలో మాత్రం చెప్పగలను. దానికి ముందు వేటిని చూసి ఎంచుకోవాలో చెబుతాను.

## చూడాల్సినవి

మొదటిది, ఆ కుటుంబం దేనికి "వద్దు" అంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పెద్ద కంపెనీకి కొత్త వంటకం, కొత్త ఊరు, కొత్త పెట్టుబడి కనబడితే వద్దనడం కష్టం. వాటాదార్లు ఊరుకోరు. కుటుంబం చేతిలో ఉన్న దుకాణం మాత్రం "మాకు ఇది చాలు" అనగలదు. ఫ్రీజర్ వద్దు, మన పేరు బయటివాళ్లకిచ్చి దుకాణం నడిపించే ఫ్రాంచైజీ వద్దు, ఇంతకన్నా దూరం వద్దు. ఈ నాలుగింటి రుచిలో తేడాలన్నీ చివరికి ఇలాంటి ఏదో ఒక నిర్ణయం దగ్గరికే చేరతాయి.

రెండోది, ఇప్పుడు యజమాని ఎవరు. పేరు కుటుంబానిదే అయినా డబ్బు వేరేవాళ్లది కావచ్చు.

మూడోది, బీఫ్ తిననివాళ్లకి ఏముంది. మనవాళ్లలో తినేవాళ్లూ ఉన్నారు, తిననివాళ్లూ ఉన్నారు, ఒకే ఇంట్లో ఇద్దరూ ఉంటారు. బర్గర్ దుకాణంలో ఒక మనిషి ఖాళీ చేతులతో కూర్చుంటే మిగతావాళ్లకీ తిన్నట్టు ఉండదు.

నాలుగోది వేళ. పిల్లల్ని తీసుకుని సాయంత్రం ఆరింటికి వెళ్లడం వేరు, రాత్రి షిఫ్ట్ అయ్యాక ఒంటిగంటకి ఆకలేయడం వేరు.

ధరల జోలికి పెద్దగా వెళ్లను. ఊరూరికీ మారతాయి, ఏడాదేడాదికీ మారతాయి. నాలుగింటిలో ఇన్-ఎన్-ఔట్‌లోనే తక్కువ ఖర్చవుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

| | ఇన్-ఎన్-ఔట్ | వాటాబర్గర్ | బ్రామ్స్ | కల్వర్స్ |
|---|---|---|---|---|
| పుట్టింది | 1948, బాల్డ్విన్ పార్క్, కాలిఫోర్నియా | 1950, కార్పస్ క్రిస్టీ, టెక్సస్ | 1968, ఓక్లహామా | 1984, సాక్ సిటీ, విస్కాన్సిన్ |
| ఇప్పుడు ఎవరిది | స్నైడర్ కుటుంబానిదే | 2019 నుంచి ఎక్కువ వాటా షికాగో పెట్టుబడి సంస్థది | బ్రామ్ కుటుంబానిదే | కల్వర్ కుటుంబం. 2017 నుంచి ఒక పెట్టుబడి సంస్థకి చిన్న వాటా |
| ఫ్రాంచైజీ | ఇవ్వరు | కొన్ని | ఇవ్వరు | దాదాపు అన్నీ |
| చికెన్ | లేదు | ఉంది | ఉంది | ఉంది |
| శాకాహారికి | గ్రిల్డ్ చీజ్, ఫ్రైస్, షేక్ | మాంసం తీసేసి చేయించుకోవాలి | ఫ్రైస్, ఐస్‌క్రీం, పక్కనే పళ్లూ పాలూ | వెజ్జీ బర్గర్ |
| రాత్రి | ఒంటిగంట వరకు | చాలాచోట్ల 24 గంటలు | పదకొండు లోపు | పది ప్రాంతం |

## ఇన్-ఎన్-ఔట్: మెనూ పెంచం

హ్యారీ, ఎస్తర్ స్నైడర్ దంపతులు 1948లో లాస్ ఏంజిలిస్ పక్కన బాల్డ్విన్ పార్క్‌లో ఒక చిన్న దుకాణం పెట్టారు. కూర్చునే చోటు లేదు. కారులోంచే మాట్లాడి ఆర్డర్ ఇచ్చే స్పీకర్ పెట్టెని హ్యారీ స్వయంగా తయారుచేశాడు. తెల్లవారకముందే మార్కెట్‌కి వెళ్లి సరుకు ఆయనే ఏరుకొచ్చేవాడు, ఎస్తర్ ఇంట్లో కూర్చుని లెక్కలు రాసేది. మనకి కొత్త కథేమీ కాదు. అదే 1948లో కర్నూలులో మొదలైన పుల్లారెడ్డి మిఠాయి దుకాణం పేరు వింటే నేతి వాసన గుర్తొచ్చేవాళ్లకి ఈ రకం నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ కుటుంబంలో చావులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1976లో హ్యారీ పోయాడు. 24 ఏళ్ల చిన్నకొడుకు రిచ్ బాధ్యత తీసుకున్నాడు. అప్పటికి ఉన్నవి 18 దుకాణాలు. 1993 డిసెంబరులో రిచ్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. అన్న గై వచ్చాడు, 1999లో ఆయనా పోయాడు. ఎస్తర్ 2006 దాకా ఉంది. గై కూతురు లిన్సీ స్నైడర్ 2010లో అధ్యక్షురాలైంది. ఇన్ని దెబ్బలు తగిలితే ఏ కుటుంబమైనా వచ్చిన ధరకి అమ్మేసి పక్కకి తప్పుకునేదే. వీళ్లు అమ్మలేదు, ఫ్రాంచైజీ ఇవ్వలేదు, షేర్ మార్కెట్‌కి వెళ్లలేదు.

మెనూ బోర్డు చూడండి. హ్యాంబర్గర్, చీజ్‌బర్గర్, డబుల్-డబుల్ (రెండు మాంసం ముక్కలు, రెండు చీజ్ ముక్కలు), ఫ్రైస్, మూడు రకాల షేక్‌లు, తాగడానికి ఏవో కొన్ని. అంతే. దుకాణంలో ఫ్రీజర్ లేదు, మైక్రోవేవ్ లేదు. బంగాళదుంపల్ని మీ కళ్లముందే కోస్తారు. మాంసం సొంత కేంద్రాల్లోనే సిద్ధం చేస్తారు కాబట్టి ఆ కేంద్రానికి బండి తేలిగ్గా వెళ్లొచ్చేంత దూరంలోనే దుకాణం పెడతారు. టెక్సస్‌కి రావడానికి 63 ఏళ్లు పట్టడానికి కారణం ఇదే. ముందు డాలస్‌లో మాంసం కేంద్రం, గోదాము ఏర్పాటు చేసుకుని, 2011 మేలో ఫ్రిస్కోలో, అలెన్‌లో తలుపులు తెరిచారు. మన సంక్రాంతి సంబరాలు జరిగే ఊళ్లకే టెక్సస్‌లో మొట్టమొదట వచ్చిందన్నమాట.

బోర్డు మీద లేనివి కూడా అడగొచ్చు. "యానిమల్ స్టైల్" అంటే మాంసాన్ని ఆవాల సాస్‌తో కాల్చి, వేయించిన ఉల్లిపాయలు, బన్నుకి రాసే వాళ్ల సాస్ (స్ప్రెడ్) ఎక్కువ వేసి ఇస్తారు. "ప్రోటీన్ స్టైల్" అంటే బన్ను బదులు లెట్యూస్ ఆకుల్లో చుడతారు. మనలాంటివాళ్లకి అన్నిటికన్నా పనికొచ్చే మాట "చాప్డ్ చిలీస్". పసుపు మిరపకాయల్ని తరిగి వేస్తారు. గోంగూర పచ్చడి కారం కాదు గానీ నాలుకకి ప్రాణం లేచొస్తుంది.

ఫ్రైస్ గురించి ఒక హెచ్చరిక. తాజా దుంపల్ని ఒక్కసారే వేయిస్తారు కాబట్టి తొందరగా మెత్తబడతాయి. ఇంటికి పట్టుకెళ్తే నిరాశపడతారు. "వెల్-డన్" అని, అంటే బాగా వేయించమని అడగండి, రెండు నిమిషాలు ఆగినా సరే, అక్కడే తినేయండి.

ఇక తిననివాళ్ల సంగతి. చికెన్ లేదు, చేప లేదు, శాకాహార ప్యాటీ (బన్ను మధ్య పెట్టే గుండ్రటి ముక్క) లేదు. వింటే చికాకేస్తుంది. కానీ నూనె మూకుడు వైపు నుంచి చూస్తే ఇదే మేలు. అందులో బంగాళదుంప తప్ప ఇంకేదీ పడదు, నూనె పొద్దుతిరుగుడుది. చికెన్ వేయించిన నూనెలో ఫ్రైస్ వేయించారేమో అన్న అనుమానం చాలామంది పెద్దవాళ్లని బయట తిననివ్వదు. నాలుగింటిలో ఆ అనుమానానికి తావులేనిది ఇదొక్కటే. గ్రిల్డ్ చీజ్ మాత్రం ఆలోచించుకోవాలి. బన్నులో రెండు చీజ్ ముక్కలు, లెట్యూస్, టమాటా, ఉల్లిపాయ పెడతారు. వేసే స్ప్రెడ్ మయొనైజ్ జాతి, అంటే గుడ్డు ఉంటుంది, వద్దని చెప్పండి. అదే పెనం మీద మాంసం కూడా కాలుస్తారన్నది మీ ఇంట్లో పట్టింపు అయితే ఫ్రైస్‌తో, షేక్‌తో సరిపెట్టండి.

పనిచేసేవాళ్ల మొహాలు చూడండి అని కూడా చెబుతాను. ఇక్కడ స్టోర్ మేనేజర్లు సగటున ఏడాదికి 1,60,000 డాలర్లు సంపాదిస్తారని 2018లో పత్రికలు రాశాయి. బల్లలు తుడిచే పనితో చేరి మేనేజర్ అయినవాళ్లు ఉంటారు. ఆ ఉత్సాహం కౌంటర్ దగ్గర తెలుస్తుంది.

## వాటాబర్గర్: అమ్మేసిన తరవాత కూడా

టెక్సస్‌లో ఉంటూ దీన్ని తక్కువచేసి మాట్లాడకండి, స్నేహాలు చెడతాయి. హార్మన్ డాబ్సన్ 1950 ఆగస్టులో కార్పస్ క్రిస్టీలో ఒక చిన్న బడ్డీ పెట్టాడు. ధర 25 సెంట్లు. రెండు చేతులతో పట్టుకోవాల్సినంత పెద్ద బర్గర్ కావాలన్నది ఆయన ఆలోచన. అందుకోసం అయిదంగుళాల బన్ను. కొరికినవాడి నోట "ఆహా, ఏం బర్గర్!" అని రావాలి, అదే పేరు. విమానాలు నడిపే మనిషి. నారింజ, తెలుపు చారల ఏటవాలు కప్పులు ఆయన కాలంలో వచ్చినవే. 1967లో విమాన ప్రమాదంలోనే పోయాడు. భార్య గ్రేస్ వ్యాపారం పట్టుకుని నిలబెట్టింది. 2001లో టెక్సస్ శాసనసభ దీన్ని రాష్ట్ర సంపదగా గుర్తించింది.

2019 జూన్‌లో కుటుంబం ఎక్కువ వాటాని షికాగోలోని బీడీటీ క్యాపిటల్ పార్ట్‌నర్స్‌కి అమ్మింది, కొంత తమ దగ్గరే ఉంచుకుంది. ఆ వారం టెక్సస్‌లో జనం బాధపడిన తీరు చూస్తే సొంత ఊరి చెరువు ఎవరికో రాసిచ్చేసినట్టుంది. ఆ తరవాత టెక్సస్ దాటి కాన్సాస్ సిటీ, నాష్‌విల్, అట్లాంటా దాకా కొత్త దుకాణాలు వచ్చాయి. పెట్టుబడి వస్తే జరిగేది ఇదే: ఊళ్లు పెరుగుతాయి, అవతలి రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకీ అందుతుంది, "ఇది మాదే" అన్న భావం పల్చబడుతుంది. రుచి పోయిందని నేను అనను. బర్గర్ అలాగే ఉంది. కానీ ఈ రచన మొదట్లో చెప్పిన "వద్దు" అనే గుణం కోసం వెతికేవాళ్లు ఇక్కడ దాన్ని చూడలేరు.

అయినా ఈ జాబితాలో ఎందుకు ఉంచానంటే, మన ఇళ్లకి దీనంత కుదిరేది ఇంకోటి లేదు. చికెన్ ఉంది. హలపీనో మిరపకాయలు వేయించుకోవచ్చు, కారం కెచప్ ఉంది. ఉల్లిపాయ, టమాటా, ఊరగాయ ముక్కలు ఏది వేయాలో ఏది తీసేయాలో చెప్పుకోవచ్చు, విసుక్కోరు. చాలా దుకాణాలు రాత్రంతా తెరిచే ఉంటాయి. రాత్రి పదకొండు నుంచి మర్నాడు పదకొండు దాకా టిఫిన్ దొరుకుతుంది. అందులో తేనె కలిపిన వెన్న రాసి, బిస్కెట్ రొట్టెలో చికెన్ పెట్టి ఇచ్చేదొకటి ఉంది, హనీ బటర్ చికెన్ బిస్కెట్. ఇండియా టీంతో అర్ధరాత్రి కాల్ ముగిశాక కడుపులో కాలుతుంటే దానికి సాటి లేదు.

2024 జులైలో బెరిల్ తుఫాను హ్యూస్టన్‌ని కొట్టినప్పుడు ఊళ్లో ఏ పేటకి కరెంటు ఉందో తెలుసుకోవడానికి జనం వాటాబర్గర్ యాప్‌లో మ్యాప్ చూశారు. తెరిచిన దుకాణం ఉంటే ఆ చుట్టుపక్కల కరెంటు వచ్చినట్టు. ఎప్పుడూ తెరిచే ఉంటుందన్న నమ్మకం అంత గట్టిది. యాజమాన్యం మారినా ఆ నమ్మకం మాత్రం ఇంకా కుటుంబం కాలం నాటిదే.

శాకాహారులకి ఇక్కడ దారి సన్నం. మాంసం తీసేయమని చెబితే బన్ను, చీజ్, కూరగాయలు వస్తాయి. దానికోసం ప్రత్యేకంగా ఎవరినీ తీసుకెళ్లకండి.

## బ్రామ్స్: పాలు చెడేంత దూరం వెళ్లం

ఈ నాలుగింటిలో నాకు మనసుకి దగ్గరైనది ఇదే. బయటి రాష్ట్రాల తెలుగువాళ్లలో చాలామంది పేరు కూడా విని ఉండరు.

ఇది అసలు బర్గర్ల ఇల్లు కాదు, పాడి ఇల్లు. కాన్సాస్‌లోని ఎంపోరియాలో హెన్రీ బ్రామ్‌కి 1933లో వెన్న తయారుచేసే చిన్న కేంద్రం ఉండేది. కొడుకు బిల్ దాన్ని ఐస్‌క్రీం దాకా పెంచాడు. 1967లో ఆ ఐస్‌క్రీం దుకాణాలు అమ్మేటప్పుడు పదేళ్ల పాటు కాన్సాస్‌లో ఐస్‌క్రీం అమ్మకూడదని ఒప్పందం పడింది. పశువులు మాత్రం చేతిలోనే ఉన్నాయి. బిల్, మేరీ దంపతులు సరిహద్దు దాటి ఓక్లహామాకి వచ్చి 1968లో మళ్లీ మొదలుపెట్టారు. బిల్ 2020లో చనిపోయాడు. కుటుంబమే నడుపుతోంది.

ఓక్లహామా సిటీకి నైరుతిన టటిల్ అనే ఊళ్లో వాళ్ల సొంత పాడి, సొంత కర్మాగారం ఉన్నాయి. ఆవులు వాళ్లవి, పాలు వాళ్లవి, ఐస్‌క్రీం వాళ్లది, బన్ను కాల్చేదీ వాళ్లే. దుకాణాలు సుమారు 300. ఓక్లహామా, కాన్సాస్, టెక్సస్, మిజోరి, ఆర్కాన్సా రాష్ట్రాల్లోనే, అవి కూడా టటిల్ నుంచి దాదాపు 300 మైళ్ల లోపే. అందుకే డాలస్‌లో ఉంది, హ్యూస్టన్‌లో లేదు. డబ్బు లేక కాదు. సొంత బండి టటిల్ నుంచి బయల్దేరి తాజాగా చేర్చగలిగేంత దూరమే తమ రాజ్యం అనుకున్నారు. ఫ్రాంచైజీ ఇవ్వరు.

బర్గర్ ఎలా ఉంటుంది? బాగుంటుంది. ఇన్-ఎన్-ఔట్ అంత చురుగ్గా ఉండదు, వాటాబర్గర్ అంత పెద్దగా ఉండదు. ఇంట్లో చేసినట్టు ఉంటుంది. గట్లుగట్లుగా కోసిన ఫ్రైస్ కరకరలాడతాయి. బర్గర్ కోసమే అయితే దీన్ని మూడో స్థానంలో పెడతాను. కానీ ఒకే గదిలో ఒకవైపు బర్గర్ కౌంటర్, ఒకవైపు ఐస్‌క్రీం, ఇంకోవైపు పాలు, గుడ్లు, రొట్టె, పళ్లు, కూరగాయలు అమ్మే చిన్న అంగడి ఉంటుంది. ఇది వేరే ఎవరి దగ్గరా లేదు.

అత్తయ్యగారి లాంటివాళ్లకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. కౌంటర్‌లో వేసిచ్చే ఐస్‌క్రీంలో గుడ్డు ఉందో లేదో అని గుమాస్తాని అడిగి ఇబ్బందిపెట్టక్కర్లేదు. అదే ఐస్‌క్రీం డబ్బాల్లో పక్కనే ఫ్రీజర్‌లో ఉంటుంది. డబ్బా తిప్పి పదార్థాల జాబితా చదువుకుని, ఆ రకమే అడగండి. ఫ్రైస్‌కి మాత్రం చికెన్‌తో కలిపి వేయిస్తారా అని అడిగి చూసుకోండి.

హడావుడి తక్కువ. పెద్దవాళ్లు నెమ్మదిగా దిగి, కూర్చుని, గంటసేపు కబుర్లు చెప్పుకోవచ్చు. శనివారం రాత్రి ఇన్-ఎన్-ఔట్‌లో ఖాళీ బల్ల కోసం ట్రే పట్టుకుని నిలబడ్డవాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

## కల్వర్స్: యజమాని దుకాణంలోనే ఉండాలి

విస్కాన్సిన్ పాల రాష్ట్రం. క్రెగ్ కల్వర్, భార్య లియా, తల్లిదండ్రులు జార్జ్, రూత్, నలుగురూ కలిసి 1984 జులైలో సాక్ సిటీలో పెట్టారు. ఇప్పుడు వెయ్యి దాకా ఉన్నాయి. దాదాపు అన్నీ ఫ్రాంచైజీలే. అయితే డబ్బు పెట్టి ఎక్కడో కూర్చునేవాళ్లకి ఇవ్వరు. తీసుకున్నవాళ్లు ముందు నెలల తరబడి శిక్షణ పొందాలి, తరవాత దుకాణంలో ఉండి నడపాలి. ఫ్రాంచైజీని పూర్తిగా కాదనకుండా, మనిషి లేని ఫ్రాంచైజీని కాదన్నారు. కాబట్టి ఒక్కో దుకాణం అక్కడున్న యజమాని బట్టి ఉంటుంది. మీకు దగ్గర్లోది బాగుంటే చాలా బాగుంటుంది.

వాళ్ల బటర్‌బర్గర్ పేరు చూసి వెన్నలో వేయించారని భయపడకండి. పై బన్నుకి కాస్త వెన్న రాసి కాలుస్తారు, అంతే. వేయించిన చీజ్ కర్డ్స్ తప్పక తినాలి. చీజ్ చేసేటప్పుడు మొదట వచ్చే చిన్న ముక్కల్ని పిండిలో ముంచి వేయిస్తారు, మన బజ్జీకి దూరపు చుట్టం. బీఫ్ వద్దన్నవాళ్లకి చికెన్‌తో పాటు అట్లాంటిక్ కాడ్ చేప ఉంది. శాకాహారులకి కూరగాయల ప్యాటీతో బర్గర్ ఉంది, ఎక్కడ కాలుస్తారో ఒక్కమాట అడగండి.

ఒక్క జాగ్రత్త, ఇది ముఖ్యం. కల్వర్స్‌లో ఇచ్చేది ఐస్‌క్రీం కాదు, ఫ్రోజెన్ కస్టర్డ్. అమెరికా ఆహార నిబంధనల ప్రకారం ఆ పేరు పెట్టుకోవాలంటే అందులో గుడ్డు పచ్చసొన ఘనపదార్థం కనీసం 1.4 శాతం ఉండాలి. అంత నున్నగా, చిక్కగా ఉండడానికి కారణం అదే. పిల్లలు ఎగబడతారు. గుడ్డు తిననివాళ్లకి మాత్రం తెలియకుండా పెట్టేసే ప్రమాదం ఉంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి "ఐస్‌క్రీమే కదా" అని చేతిలో పెట్టేముందు ఇది చెప్పండి.

## మరి మీ కారు ఎటు తిరగాలి

అందరూ బీఫ్ తినేవాళ్లయితే ఆలోచించకండి, ఇన్-ఎన్-ఔట్. ఇంత ధరకి ఇంత తాజా బర్గర్ ఇంకెక్కడా దొరకదు. భోజన సమయం తప్పించి, మధ్యాహ్నం మూడింటికి వెళ్తే వరస కూడా ఉండదు.

చికెన్ వరకే అనేవాళ్లు ఎక్కువ ఉంటే వాటాబర్గర్, కల్వర్స్ మధ్య తేల్చుకోవాలి. కారం కావాలన్నా, రాత్రి పది దాటినా వాటాబర్గర్. కూర్చుని, బల్ల దగ్గరికే తెచ్చిస్తే తిందాం అనుకుంటే కల్వర్స్. అక్కడ ఆర్డర్ ఇవ్వగానే నంబరు పలక ఇస్తారు, తయారయ్యాక తెచ్చిపెడతారు.

హలాల్ మాత్రమే తినే ఇళ్లకి మాట కప్పిపుచ్చకుండా చెప్పాలి. ఈ నాలుగింటి మెనూ బోర్డుల మీద హలాల్ అన్న మాట కనిపించదు. ఇన్-ఎన్-ఔట్ ఫ్రైస్, బ్రామ్స్ ఐస్‌క్రీం దాకా కలిసి రావచ్చు. కడుపు నిండా తినాలంటే రిచర్డ్‌సన్, ప్లేనో వైపు హలాల్ బర్గర్ దుకాణాలు వేరే ఉన్నాయి, అటే వెళ్లండి.

శాకాహారులు ఒక్కరే ఉంటే పెద్ద సమస్య కాదు. ముగ్గురు ఉంటే ప్యాటీ ఉన్న కల్వర్స్ మేలు. మడి, పెనం పట్టింపులు ఉన్నవాళ్లు ఉంటే ఇన్-ఎన్-ఔట్ ఫ్రైస్ ఒక్కటే నిశ్చింత. ఇంట్లో పులిహోర కలిపి కారులో పెట్టుకోవడం కూడా తప్పేమీ కాదు.

కుటుంబం చేతుల్లో ఉన్న వ్యాపారానికే నా డబ్బు వెళ్లాలి అనుకునేవాళ్లున్నారు. ఆ పట్టింపు నాకు నచ్చుతుంది. వాళ్లకి ఇన్-ఎన్-ఔట్, బ్రామ్స్ రెండే. కల్వర్స్‌లో చిన్న వాటా బయటిదైనా పెద్ద వాటా ఇంటిదే, కాబట్టి అది మధ్యలో ఉంటుంది.

ఈ ఊరు కాదనుకోండి. సియాటెల్ వాళ్లకి డిక్స్ డ్రైవ్-ఇన్ ఉంది. 1954లో వాలింగ్‌ఫర్డ్ పేటలో మొదలై, డిక్ స్పేడీ కుటుంబం చేతుల్లోనే ఉండి, ఆ ఊరి చుట్టుపక్కల్ని దాటలేదు. అక్కడ బర్గర్‌లో మార్పులు చేయరు, ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి. న్యూజెర్సీ, కొలంబస్ వైపు వాళ్లకి వైట్ క్యాసిల్. 1921లో విచిటాలో 5 సెంట్ల చిన్న బర్గర్లతో మొదలైంది. దాని పగ్గాలు పట్టిన లీసా ఇంగ్రమ్, మొదలుపెట్టిన ఇంగ్రమ్ కుటుంబంలో నాలుగో తరం. ఉల్లిపాయల మీద ఆవిరికి ఉడికే చతురస్రపు ముక్కలు, మాంసానికి అయిదు చిల్లులు, తిప్పే పని లేకుండా. మాంసం లేని ఇంపాసిబుల్ ప్యాటీతో చిన్న బర్గర్‌ని 2018 నుంచి ఇస్తున్నారు, శాకాహార మిత్రులతో వెళ్లడానికి ఇది అనువైన చోటు.

మొదట్లో చెప్పిన ఆరుగురి కారుకి మేం చివరికి కనిపెట్టిన దారి ఇది. ముందు ఇన్-ఎన్-ఔట్: ఇద్దరికి డబుల్-డబుల్, అత్తయ్యగారికి వెల్-డన్ ఫ్రైస్, చికెన్ మనిషికి స్ప్రెడ్ వేసిన గ్రిల్డ్ చీజ్. అక్కడ షేక్‌లు తాగకుండా ఆపుకోవాలి, పిల్లలకి ముందే చెప్పి ఉంచాలి. అక్కడి నుంచి బ్రామ్స్. పిల్లలకి కోన్‌లు, అత్తయ్యగారికి డబ్బా చదివి ఎంచుకున్న ఐస్‌క్రీం, ఒక గ్యాలన్ పూర్తి పాలు. ఇంటికి రాగానే కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు పెడితే, ఆదివారం పొద్దున్నకి ఆవిడ చెంచా నిలబడేంత గట్టి పెరుగు.